బెరడు కాలువ

సోమవారం ఉదయం నర్సరీకి వెళ్లేసరికి షెడ్డు గోడకున్న నల్లబల్ల మీద ఒక మాట చెరిపేసి ఉంది.

ఆ బల్ల మా బడిలోదే. ఒక మూల విరిగిందని పారేస్తుంటే నా భార్య అడిగి తెచ్చుకుంది. ఏ రోజు ఎవరు ఏ పని చేయాలో దాని మీద సుద్దముక్కతో రాసేది. ఆమె పోయి నాలుగు నెలలైంది. అప్పటినుంచి ఆ రాతపని మా బావమరిది చూస్తున్నాడు. అతని అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి గాని పనులు మాత్రం తప్పవు. ఆ రోజు మూడో వరుసలో ‘మందు కొట్టడం’ అని ఉంది. దాని ఎదురుగా ఎప్పుడూ ఉండే ‘టోపీ’ అన్న మాట లేదు. తడిగుడ్డతో తుడిచారు. అంతమేర బల్ల కొత్తదానిలా నల్లగా ఉంది.

టోపీ అంటే నర్సరీలో మందులు కొట్టే మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. వెడల్పు అంచు టోపీ లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు. మా మామగారు ఈ నర్సరీ పెట్టిన ఏడాదే పనిలో చేరాడు. మామగారి తర్వాత నర్సరీ నా భార్య చేతికి వచ్చాక కూడా ఆమెను చివరిదాకా ‘అమ్మాయిగారు’ అనే పిలిచాడు. పురుగు మందు, తెగులు మందు, కలుపు మందు, ఏది ఎంత కలపాలో, ఏ గాలికి ఎటు నిలబడి కొట్టాలో ఆయనకు తెలిసినంతగా అక్కడ ఇంకెవరికీ తెలియదు.

నేను బడిలో భాష చెబుతాను. మొక్కల గురించి నాకు తెలిసింది తక్కువ. ఆమె ఉన్నప్పుడు ఆదివారాలు వచ్చి, ఒక కుర్చీ వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుకునేవాణ్ని. ఆమె పోయాక బడికి ముందు ఒక గంట, బడి తర్వాత రెండు గంటలు వస్తున్నాను. వచ్చి ఏం చేస్తున్నానని ఎవరూ అడగలేదు.

“టోపీ పేరు ఎందుకు చెరిపావు?” అని మా బావమరిదిని అడిగాను.

“నారు షెడ్డుకు రండి బావగారూ. కళ్లతో చూస్తే మీకే తెలుస్తుంది.”

నారు షెడ్డులో నాలుగు వేల టమాటా మొక్కలు ట్రేలలో ఉన్నాయి. కూరగాయలు పండించేవాళ్ల సంఘం అడిగితే మూడు వారాల కిందట విత్తినవి. మొలకలు బాగానే వచ్చాయి. రెండాకులు వేసి అక్కడే ఆగిపోయాయి. కాడ మట్టిని తాకే చోట ఉబ్బింది. వేలితో తడితే చాలు, పుటుక్కున విరుగుతోంది.

కుండీల మిశ్రమం కలిపే జల్లెడమ్మ ఒక ట్రే ముందు నిలబడి ఉంది. కొబ్బరి పొట్టు, బెరడు, ఎరువు అన్నీ ఆమె జల్లెడలోంచి దిగాకే కుండీకి వెళతాయి కనుక ఆ పేరు. ఒక మొక్కను వేళ్లతో సహా తీసి నాకు చూపించింది. దారాల్లా సాగాల్సిన వేళ్లు పొట్టిగా, లావుగా ఉన్నాయి. ఒక్కో వేరు చివర అగ్గిపుల్ల తలకాయలా ఉబ్బి ఉంది.

“ఇది తెగులు కాదు, కలుపు మందు” అన్నాడు బావమరిది. “విత్తిన రోజు సాయంత్రం, ఇదిగో ఈ కుళాయి దగ్గరే టోపీ మందు డబ్బా కడిగాడు. జల్లెడమ్మ చూసింది.”

“చూశాను” అంది జల్లెడమ్మ నా వైపు చూడకుండా. “పంపు గదిలో కుళాయి పాడైంది కదా, ఇక్కడ కడిగాడు. చూసింది చూశానన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మీకూ తెలుసు మాస్టారూ.”

“పేరుకు తగ్గట్టే టోపీ పెట్టాడు మనకు” అన్నాడు బావమరిది. “మందు కొట్టేవాడు మందు కొట్టి వచ్చి ఉంటాడు.”

“ఛ! ఆయన టీ కూడా తాగడయ్యా. కడుపులో మంట అంటాడు.”

“అయితే మంటతో కడిగి ఉంటాడు. వచ్చే శుక్రవారం సంఘం వాళ్లు నారు కోసం వస్తారు. ఏమని చెప్పాలి వాళ్లకు? ఒక మనిషి పొరపాటు చేశాడు, అతన్ని పనిలోంచి తీసేశాం అంటే వాళ్లకు అర్థమవుతుంది. ఫోనులో అదే చెప్పాను. ఆ శుక్రవారం దాకే అని అతనికీ చెప్పేశాను.”

“ముప్ఫై ఏళ్లుగా ఉన్న మనిషి” అన్నాను.

“ముప్ఫై ఏళ్లని కలుపు మందుకు తెలుస్తుందా బావగారూ?”

నిజానికి నేనూ టోపీయే చేసి ఉంటాడని అనుకున్నాను. వయసు మీద పడింది. ఆ మధ్య హెర్నియా ఆపరేషను చేయించుకుని మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. మరిచిపోయి ఉంటాడు అనుకున్నాను.

ఆయన కోసం వెతికితే పంపు గదిలో కనిపించాడు. పని పోయిన మనిషి గోడ దగ్గర గొంతుక్కూచుని, పాడైన కుళాయిని విప్పి కొత్త వాషరు వేస్తున్నాడు.

“ఈ కుళాయి బాగుంటే ఈ గొడవే లేదు సార్” అన్నాడు తల ఎత్తకుండా. “నెల నుంచి చెబుతున్నా. ఇప్పుడు తీరిక దొరికింది.”

“అక్కడ డబ్బా కడిగావా?”

“కడిగాను. మూడుసార్లు. ఆ నీళ్లన్నీ బకెట్లో పట్టి కాలిబాట మీద కలుపులో పోశాను, అమ్మాయిగారు నేర్పినట్టే. కడగడం చూసినవాళ్లు బకెట్టును చూడరు. ఏం చేస్తాం.”

“మరి వేళ్లు ఎందుకలా అయ్యాయి?”

ఆయన లేచి, చేతులు తుడుచుకుని, బయట వరుసలోంచి ఒక పూలమొక్క కుండీ తెచ్చాడు. బోర్లించి తట్టాడు. మొక్క మట్టిముద్దతో సహా చేతిలోకి వచ్చింది. మట్టిముద్ద అని అలవాటుగా అన్నాను. అందులో మట్టి లేదు. కొబ్బరి పొట్టు, చెట్టు బెరడు ముక్కలు, చివికిన ఆకు. తెల్లటి వేళ్లు కింద వల అల్లినట్టున్నాయి.

“కలుపు మొలవకుండా ఈ కుండీల మీద గుళికలు చల్లుతాం. చల్లి నీళ్లు పెడతాం. మరి ఈ మొక్క ఎందుకు చావలేదు? చూడండి.” రెండు వేళ్లు అడ్డంగా పెట్టి పైపొరను కొలిచాడు. “మందు ఇంతవరకే. ఈ బెరడు, ఈ పొట్టు దాన్ని పట్టేసుకుంటాయి. గుడ్డ నీళ్లు పీల్చినట్టు కాదు, గుడ్డ పిండితే వదిలేస్తుంది. ఇవి వదలవు. పైన పడ్డ కలుపు గింజ చస్తుంది, కింద వేరు చల్లగా ఉంటుంది. అలాంటిది, నేను నేల మీద నాలుగు చుక్కలు చిందించాననే అనుకోండి. అవి బల్ల ఎక్కి, ట్రేలో దూరి, నాలుగు వేల వేళ్లను వెతుక్కుంటూ పోతాయా? మందు ఎక్కడినుంచో రాలేదు సార్. మిశ్రమంలోనే ఉంది.”

“పొట్టు కొత్త సంచులదే కదా.”

ఆయన కుండీని యథాప్రకారం సర్ది, మళ్లీ కుళాయి దగ్గర కూచున్నాడు.

“ఒకటి అడుగుతాను. నేను మంచం మీద ఉన్నప్పుడు కాలువ తవ్వించినట్టున్నారు. తీసిన బెరడు ఎక్కడ పోశారు? ఇక్కడే వెనక పోసి ఉంటారని ఇన్నాళ్లూ అనుకున్నా. పొద్దున చూస్తే లేదు.”

“వృథా చేయలేదు. మిశ్రమంలో కలిపించాను.”

ఆయన చేతిలో పానా ఆగింది.

“సార్, నన్ను పంపే ముందు దోస గింజలను అడగండి” అన్నాడు. “అమ్మాయిగారు అడిగేవారు కదా, అలాగే.”

కాలువ సంగతి ఇక్కడ చెప్పాలి. కుండీలు వరుసలుగా పెట్టిన మైదానం ఒక పక్కకు వాలుగా ఉంటుంది. కుండీలకు పెట్టిన నీరు ఆ వాలున పారి, చిన్న చెరువులో చేరుతుంది. ఆ నీటినే మళ్లీ తోడి మొక్కలకు పెడతారు. చెరువుకు ముందు, ముప్ఫై అడుగుల పొడవున మోకాలి లోతు కాలువ తవ్వించి, దాని నిండా బెరడు ముక్కలు పోయించింది నా భార్య. ఎనిమిదేళ్లయింది. అలంకారమా అని అప్పట్లో అడిగాను. “వడపోత” అంది. ఇంకో ప్రశ్న వేసి ఉంటే ఇంకో మాట చెప్పేది. నా ముందు వ్యాసాల కట్ట ఉంది. నేను వేయలేదు.

ఆమె పోయిన రెండో నెలలో నాలుగు రోజులు వాన పడింది. కాలువ పొంగి దారి మీదికి వచ్చింది. బావమరిది వ్యాను మీద తిరుగుతున్నాడు, టోపీ మంచం మీద ఉన్నాడు. పార తీసుకుని నేనే దిగాను. రెండు ఆదివారాలు పట్టింది. పైన ఎర్రగా కనిపించే బెరడు లోపల నల్లగా, మెత్తగా మారిపోయి ఉంది. పిడికిట్లో పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. పుట్టగొడుగుల వాసన వేసింది. అంత మంచి ఎరువును నేను చూడలేదని ఆ రోజు అనుకున్నాను. ఎరువుల్లో మంచిచెడ్డలు నాకు ఏనాడూ తెలియవు.

“ఇది వాడచ్చా మాస్టారూ?” అని జల్లెడమ్మ ఒకసారి అడిగింది.

“ఆమె వేయించిన బెరడు. చేతికి ఎంత మెత్తగా ఉందో చూడు.”

“చదువుకున్నవారు, మీకు తెలియనిదా” అంటూ జల్లెడ పట్టింది. నారు ట్రేలకు, మూడు పాళ్ల కొత్త పొట్టుకు ఒక పాలు ఆ బెరడు. మిగిలింది టార్పాలిన్ కింద కప్పిపెట్టాం. ఆ తర్వాత దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

దోస గింజల పరీక్ష కూడా నా కళ్ల ముందే జరిగేది. మా వంటగది కిటికీ గట్టు మీద ఏడాదిలో సగం రోజులు కాగితపు కప్పులు ఉండేవి. వాటి మీద పెన్సిలుతో పై, కింద, కొత్తది, పాతది అని రాసి ఉండేది. కప్పుకు ఐదు గింజలు. మొలకలంటే ముచ్చట కాబోలు అనుకునేవాణ్ని. ఒకసారి ఒక కప్పు వాడినట్టుందని నీళ్లు పోస్తే కోప్పడింది. “చెంచాతో కొలిచి పోస్తున్నానండీ. మధ్యలో మీ జాలి ఒకటి.”

ఆ సాయంత్రమే షెడ్డు బల్ల మీద ఆరు కప్పులు పెట్టుకున్నాం. టోపీ చెబుతున్నాడు, జల్లెడమ్మ నింపుతోంది, నేను పేర్లు రాస్తున్నాను. బావమరిది చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

“దోసకాయలు కాసేదాకా ఆగాలా ఏమిటి?”

“తొమ్మిది రోజులు చాలయ్యా” అన్నాడు టోపీ. “దోస వేరుకు మొహమాటం తెలియదు. మందు ఉందంటే ముడుచుకుంటుంది, లేదంటే సాగుతుంది. వచ్చే బుధవారానికి తెలిసిపోతుంది.”

మొదటి కప్పులో విప్పని సంచిలోని కొత్త పొట్టు. రెండో దానిలో నారు ట్రేలోది. మూడో దానిలో పూలకుండీ పైపొర, నాలుగో దానిలో అదే కుండీ అడుగుపొర. ఐదోది బావమరిది అడిగాడు. కొత్త పొట్టే, కాని చెరువు నీళ్లు పోయాలి. టోపీ డబ్బా కడిగిన నీళ్లు చెరువులోకి వదిలాడేమోనని అతని అనుమానం.

“వేయండి, వేయండి. చెరువును కూడా సాక్ష్యానికి పిలవండి” అన్నాడు టోపీ.

ఆరో కప్పు మిగిలింది. తీసేయబోతుంటే టోపీ ఆపాడు.

“ఖాళీగా ఎందుకు సార్? టార్పాలిన్ కింద బెరడు ఉందిగా. అది వేద్దాం.”

“అది ఆమె వేసింది” అన్నాను.

“అందుకే” అన్నాడు.

జల్లెడమ్మ నా మొహం చూసింది. నేను కప్పు ఆమె చేతికిచ్చాను. ఆమె వెళ్లి గుప్పెడు బెరడు తెచ్చి నింపింది. దాని మీద ‘కాలువ’ అని రాశాను.

“కప్పులు మాత్రం బావగారింట్లో ఉండాలి” అన్నాడు బావమరిది. “ఇక్కడుంటే రాత్రికి రాత్రే మొలకలు తారుమారవుతాయి.”

“నన్ను నమ్మరు సరే, ఆయన్ను నమ్ముతారా?” అని నవ్వాడు టోపీ.

“బావగారి మీద ఎవరికి అనుమానం ఉంటుంది?”

కప్పులు మా వంటగది కిటికీ గట్టు మీదికి వచ్చాయి. చెక్క మీద పాత కప్పుల గుండ్రటి మరకలు ఉన్నాయి. వాటి మీదే పెట్టాను. సొరుగులో ఆమె కొలత చెంచా దొరికింది. ఉదయం రెండు చెంచాలు, సాయంత్రం రెండు.

నాలుగో రోజుకు అన్ని కప్పుల్లోనూ మొలకలు తల ఎత్తాయి. కాలువ కప్పులో కూడా. నాకు కొంచెం తేలికైంది. అయిదు గింజలూ అందంగా వంగి, మట్టిని తోసుకుని వచ్చాయి. ఆరో రోజుకు ఒకటి, నాలుగు, ఐదు కప్పుల్లోవి అర బెత్తెడు లేచాయి. రెండు, మూడు, ఆరు కప్పుల్లోవి ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏడో రోజు ఆరో కప్పులో ఒకటి పక్కకు ఒరిగింది. ముట్టుకోలేదు. తొమ్మిది రోజులు అని మాట అనుకున్నాం.

ఆ వారం బడిలో ఏడో తరగతికి ఉత్తరం రాయడం నేర్పుతున్నాను. క్షమాపణ కోరుతూ ప్రధానోపాధ్యాయునికి లేఖ. పిల్లలు ఎవరికి వారు ఒక తప్పు కల్పించుకుని రాశారు. కిటికీ అద్దం పగిలింది, పుస్తకం పోయింది, నీళ్లు ఒలికాయి. నలభై రెండు ఉత్తరాల్లో ఒక్కదానిలో కూడా పగలగొట్టినవాడు లేడు. అన్నీ వాటంతట అవే జరిగాయి. ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చేశాను.

బుధవారం ఉదయం, తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి, కప్పుల్లో మొలకలు ఒక్కటొక్కటిగా తీసి కడిగాను. కొత్త పొట్టులో మొలిచిన వేళ్లు వేలెడు పొడవున, పక్క వేళ్లతో ఉన్నాయి. కుండీ అడుగుపొరవీ అంతే. కుండీ పైపొరవి పొట్టిగా ముడుచుకున్నాయి. టోపీ చెప్పింది అక్షరాలా నిజం. మందు రెండు వేళ్ల లోతులోనే ఉంది. చెరువు నీళ్ల కప్పులో నాలుగు బాగున్నాయి, ఒకటి కాస్త పొట్టి. అది గింజ లోపమో, నీటి లోపమో తెలియదు. నారు ట్రేలోవి అగ్గిపుల్ల తలలు. ఆరో కప్పులో వేళ్లే లేవు. కాడ చివర గోధుమరంగు ముడి ఒకటి, అంతే.

ఆ ముడిని గోటితో నొక్కి చూశాను. గట్టిగా ఉంది.

ఆరు కప్పుల్లో ఒకటి కింద పడింది అంటే నమ్మని మనిషి నర్సరీలో లేడు. ట్రే మట్టిలో మందుందని మాత్రం తేలేది. అది ఎలా వచ్చిందో ఎవరూ తేల్చలేరు కనుక, డబ్బా కడిగిన మనిషి మీదే నిలిచేది. ఆ ఆలోచన నాకు వచ్చింది. రాలేదని రాయను. సింకు ముందు నిలబడి అయిదు నిమిషాలో, పదో గడిపాను. ఆ తర్వాత బడికి ఫోను చేసి, మొదటి పీరియడుకు రాలేనని చెప్పాను. మొలకలను కాగితం మీద వరుసగా పరిచి, అట్టపెట్టెలో పెట్టుకుని బయలుదేరాను.

షెడ్డులో ముగ్గురూ ఉన్నారు. కాగితం బల్ల మీద పరిచాను. బావమరిది వంగి చూశాడు. రెండో వరుస దగ్గర అతని మొహం వెలిగింది.

“ఇంకేం! ట్రే మట్టిలో మందు ఉంది. నేనన్నది అదే.”

“ఆరో వరుస చూడు.”

“అబ్బో, ఇది మరీ ఘోరం. ఇదేమిటి?”

“కాలువ బెరడు. తవ్వి తీసింది నేను. నారు మిశ్రమంలో కలిపించింది నేను. మూడు పాళ్లకు ఒక పాలు. వాడచ్చా అని జల్లెడమ్మ అడిగింది. వాడమన్నాను. టోపీకి దీనితో సంబంధం లేదు.”

పైన రేకుల మీద ఏదో పిట్ట నడుస్తున్న చప్పుడు వినిపించింది.

“నేను జల్లించాను కదా...” అంది జల్లెడమ్మ.

“నేను చెప్పింది నువ్వు చేశావు.”

“అక్క ప్రతి ఏడూ ఆ బెరడును తీయించి పంపు గది వెనక పోయించేది” అన్నాడు బావమరిది నెమ్మదిగా. “చెత్త అనుకున్నాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.”

ఆ ప్రశ్న అడగనివాళ్లు నర్సరీలో ఇద్దరున్నారన్న మాట.

టోపీ ఆరో వరుసలో ఒక మొలకను తీసి, వెలుతురులో తిప్పి చూశాడు. “గుళికలు చల్లితే అన్నీ కుండీల్లో పడవు సార్. సగం సందుల్లోనే పోతాయి. నీళ్లు పెట్టగానే వాలున పడి పోతాయి. ఆ మందంతా చెరువులో చేరకుండా కాలువ బెరడు పట్టుకుంటుంది. అందుకే ఏడాదికోసారి మార్చాలి. తీసింది రెండేళ్లు గుట్ట పోసి, నెలనెలా తిరగేస్తే లోపలి పురుగూ పుట్రా దాన్ని కాస్తకాస్త తినేస్తాయి. దోస వేరు నిటారుగా దిగాకే అమ్మాయిగారు వాడనిచ్చేవారు. పోయినేడు అమ్మాయిగారికి ఆస్పత్రి తిరుగుడు. ఈ ఏడూ అంతే. మార్చలేదు. రెండేళ్ల మందు అందులో కూచుని ఉంది.”

“నీకు తెలిసి ముందే ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“తెలియదు సార్, అనుకున్నాను. అనుకున్నది చెబితే, తన నెత్తిమీది బురద మీకు పూస్తున్నాడంటారు. పైగా మీ మీద. గింజలు చెబితే ఎవరూ ఏమీ అనరు.”

బావమరిది చెవి వెనక గోక్కున్నాడు. “మామా, ఏమీ అనుకోకు.”

“ఏమనుకోవాలో శుక్రవారం దాకా ఆలోచిస్తాను. అప్పటిదాకే కదా గడువు.”

జల్లెడమ్మ పకపకా నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావమరిది సుద్దముక్క తీసి నల్లబల్ల దగ్గరికి వెళ్లాడు. ఏమనుకున్నాడో, తిరిగి వచ్చి నా చేతిలో పెట్టాడు. మూడో వరుసలో, చెరిపిన చోటే, టోపీ అని రాశాను. బడిలో రాసే అక్షరాలే. బల్ల చెమ్మగా ఉండి సుద్ద సరిగ్గా అంటలేదు. రెండోసారి దిద్దాల్సి వచ్చింది.

శుక్రవారం సంఘం నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన పెద్దవాడు, ఒకావిడ మధ్యవయసు మనిషి. ట్రేలలో వాలిపోయిన నారు చూసి ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. ఏం జరిగిందో నేను చెప్పాను. మళ్లీ విత్తితే ఆరు వారాలు పడుతుందన్నాను. ఆ ఆరు వారాల్లో వాళ్ల అదను సగం పోతుంది. అదీ చెప్పాను.

“పనివాడెవరో పొరపాటు చేశాడని, అతన్ని తీసేశారని అన్నారే ఫోనులో?” అంది ఆమె.

“ఆ పొరపాటు చేసింది నేను” అన్నాను.

ఆమె నన్ను చూసి, బావమరిదిని చూసి, మళ్లీ నన్ను చూసింది. “మరి మిమ్మల్ని తీసేశారా?” అంది.

“ఆలోచిస్తున్నామండీ” అన్నాడు వెనకనుంచి టోపీ.

పెద్దాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆరు వారాల తర్వాత వస్తామని, ఈసారి దోస మొలకలు కూడా చూపించాలని చెప్పి వెళ్లింది. సగం నారు వేరేచోట తీసుకుంటామని కూడా చెప్పింది. న్యాయమే.

ఆ మధ్యాహ్నమే కొత్త బెరడు లారీలో వచ్చింది. ఎర్రగా, ఘాటు వాసనతో, చేతికి గుచ్చుకునేలా ఉంది. నలుగురం కాలువ నింపాం. రెండు నెలలుగా ఏ అడ్డూ లేకుండా నీళ్లు చెరువులోకి పోయాయి కనుక, నెల రోజులపాటు నారుకు చెరువు నీళ్లు పెట్టవద్దని బల్ల మీద రాశాను. ఐదో కప్పులో ఆ పొట్టి మొలక సంగతి టోపీ మరిచిపోలేదు.

నాలుగు వేల ట్రే గుంతల్లోని మిశ్రమం, టార్పాలిన్ కింద మిగిలిన నల్ల బెరడు, అంతా తోపుడు బండి మీద పంపు గది వెనకకు చేర్చాం. అక్కడ మూడు పక్కలా చెక్కలు కొట్టి ఉన్నాయి. ఇన్నాళ్లూ అది చెత్తకుప్ప అనుకున్నాను. చెక్కల మీద పెన్సిలుతో పాత తేదీలు ఉన్నాయి. నాకు బాగా తెలిసిన చేతిరాత. కొన్ని వానకు చెరిగాయి. చివరి తేదీ కింద ఆ రోజు తేదీ వేశాను.

“నెలకోసారి తిరగేయాలి” అన్నాడు టోపీ. “నా పొట్టకు కుట్లున్నాయి. పార మీరే పట్టాలి.”

“పడతాను.”

“పట్టండి. తవ్వడం మీకు బాగానే వచ్చని విన్నాను.”

అప్పటినుంచి నెల మొదటి ఆదివారం ఆ గుట్టను తిరగేస్తున్నాను. పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి మూడు గుప్పెళ్లు తీసి కప్పుల్లో వేస్తున్నాను. మొదటి నెల మూడింటిలోనూ ముడులే. రెండో నెలా అంతే. మూడో నెల, మధ్యనుంచి తీసిన కప్పులో ఒక వేరు గోరంత సాగింది. చివర ఇంకా ఉబ్బి ఉంది గాని, సాగింది. కాగితంలో చుట్టి తీసుకెళ్లి టోపీకి చూపించాను. ఆయన టోపీ వెనక్కి తోసి, ఎండలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇంకా కాదు” అన్నాడు.

గుట్ట మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి వచ్చాను.